భాగం 9: పందెం, పన్ను, చట్టం – పల్నాటి కోడిపోరు నుంచి మలక్‌పేట గుర్రప్పందేల వరకు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పందెం సొమ్ము గుర్రప్పందేల పరిశ్రమను ఎట్లా పోషిస్తుందో వివరించగలుగుతారు.
• తెలుగు ప్రాంతంలో జూద నియంత్రణ చట్టాలు ఏ క్రమంలో వచ్చాయో చెప్పగలుగుతారు.
• గుర్రప్పందేనికి చట్టం ఇచ్చిన మినహాయింపును, దాని వెనుక ఉన్న వాదాలను పరిశీలించగలుగుతారు.
• పన్ను వేసే పద్ధతి మారితే పరిశ్రమ ఎట్లా మారుతుందో లెక్కతో సహా చూపగలుగుతారు.

9.1 పరిచయం

పల్నాడు జిల్లా కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య మొదలుకొని అయిదు రోజులపాటు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ అయిదు రోజులకు పేర్లు. నాలుగో రోజైన కోడిపోరు నాడు, పూర్వం రెండు రాచకుటుంబాల మధ్య జరిగిన పందేన్ని జనం మళ్లీ తలచుకొంటారు. ఒక పందేన్ని ఎనిమిది శతాబ్దాలుగా గుర్తు పెట్టుకొన్న ప్రాంతం ఇది.

మాచర్ల, గురజాల, నరసరావుపేటల నుంచి హైదరాబాదు వెళ్లే విద్యార్థులు మలక్‌పేట మీదుగా పోతున్నప్పుడు ఎత్తయిన ప్రహరీగోడ ఒకటి చూసే ఉంటారు. దాని వెనుక ఉన్నది హైదరాబాద్ రేస్ క్లబ్ మైదానం. అక్కడ కూడా జరిగేది పందెమే. కాని అక్కడ పందెం కాసినవారిని పోలీసులు పట్టుకోరు. వారి చేతికి టికెట్టు ఇస్తారు, గెలిస్తే సొమ్ము లెక్కపెట్టి ఇస్తారు, ప్రభుత్వం ఆ సొమ్ము మీద పన్ను తీసుకొంటుంది. అదే మనిషి పల్నాటి పల్లెలో కోడి మీద పందెం కాస్తే కేసు నమోదవుతుంది.

ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చింది? దానివల్ల ఎవరు బతుకుతున్నారు, ఎవరు నష్టపోతున్నారు? ఈ భాగంలో మనం చర్చించే ప్రధాన ప్రశ్నలు ఇవే.

9.2 పల్నాటి పందెం: మధ్యవర్తి లేని ఒప్పందం

పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివరి భాగంలో జరిగిందని చరిత్రకారులు భావిస్తారు. 1182 ప్రాంతమని చెప్పడం పరిపాటి. శ్రీనాథుని పేరుతో ప్రసిద్ధమైన ద్విపద కావ్యం, వీరవిద్యావంతులు పాడే గాథలు ఈ యుద్ధాన్ని గురించి మనకు దొరికే ప్రధానమైన ఆధారాలు. అవి సంఘటన జరిగిన చాలా కాలానికి రూపుదిద్దుకొన్నవి కాబట్టి వాటిలోని ప్రతి వివరాన్నీ చరిత్రగా తీసుకోలేము. అయితే పందేన్ని నాటి సమాజం ఎట్లా అర్థం చేసుకొన్నదో తెలుసుకోవడానికి అవి ఎంతో ఉపయోగపడతాయి.

గాథ ప్రకారం గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు పాలించేవారు. మొదటివారి పక్షాన నాయకురాలు నాగమ్మ, రెండవవారి పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. ఇరుపక్షాలూ కోడిపోరుకు సిద్ధమయ్యాయి. ఓడినవారు ఏడేళ్లపాటు రాజ్యం విడిచి వెళ్లాలన్నది షరతు. బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లు ఓడిపోయింది. నాగమ్మ పక్షం మోసంతో గెలిచిందని కథకులు చెబుతారు. మాచర్లవారు మాటకు కట్టుబడి వలస పోయారు. గడువు తీరిన తరువాత తమ భాగం తమకు ఇమ్మని అలరాజును రాయబారిగా పంపారు. నలగాముని పక్షం భాగం ఇవ్వలేదు, రాయబారి ప్రాణాలతో తిరిగి రాలేదు. కారెంపూడి వద్ద నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది.

ఈ కథలో ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించండి. ఓడినవారు తమ షరతును నెరవేర్చారు. గెలిచినవారు తమ వంతు షరతును నెరవేర్చలేదు. పోరులో మోసం జరిగిందన్న అనుమానాన్ని విచారించేవారు గాని, గడువు తీరాక గెలిచినవారి చేత మాట నిలబెట్టించేవారు గాని ఎవరూ లేరు. పందెం ఉంది, షరతులు ఉన్నాయి, సాక్షులు ఉన్నారు. లేనిది ఇరుపక్షాలకూ పైన నిలబడే మధ్యవర్తి.

ఏ పందెంలోనైనా మూడు అవసరాలు ఉంటాయి. పోటీ న్యాయంగా జరగాలి. గెలిచినవారికి సొమ్ము ముట్టాలి. పణం మనిషి తట్టుకోగలిగిన హద్దులో ఉండాలి. ఈ మూడింటికీ పూచీపడే మధ్యవర్తి ఎవరు, ఆ పనికి అతడు తీసుకొనే రుసుము ఎంత అన్న ప్రశ్నలకు వేర్వేరు కాలాలు ఇచ్చిన సమాధానాలే పందేల నియంత్రణ చరిత్ర.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
పల్నాటి కోడిపోరు యుద్ధానికి దారితీయడంలో మధ్యవర్తి లేకపోవడం పాత్ర ఏమిటి? అయిదు వాక్యాలలో రాయండి.

9.3 వలస పాలనలో పందెం: రెండు దారులు

ఆంగ్లేయుల కాలంలో పందేల పట్ల ప్రభుత్వ వైఖరి రెండు దారులుగా చీలింది. ఊళ్లలో, వీధులలో ఆడే జూదాన్ని శాంతిభద్రతల సమస్యగా చూశారు. ఉత్తర భారతంలో 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం, మద్రాసు రాష్ట్రంలో 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం ఈ దృష్టితో వచ్చినవే. పల్నాడు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలో ఉండేది కాబట్టి మద్రాసు చట్టమే ఇక్కడా వర్తించింది.

గుర్రప్పందేలకు మాత్రం మరొక దారి ఏర్పడింది. అధికారులు, సైనికులు, సంస్థానాధీశులు, పెద్ద వర్తకులు కలిసే చోటు రేసు మైదానం. అశ్వికదళానికి మేలుజాతి గుర్రాలు కావాలన్న కారణం కూడా దానికి తోడైంది. మద్రాసులో 1896లో రేస్ క్లబ్ ఏర్పడింది. కొన్ని షరతులకు లోబడి గుర్రప్పందెం మీద కాసే పందేన్ని మద్రాసు చట్టాలు జూదం నిర్వచనం నుంచి తప్పించాయి.

ఇది మన దేశానికే పరిమితమైన పోకడ కాదు. బ్రిటన్‌లో 1853 చట్టం పందేల దుకాణాలను మూయించింది. 1906 చట్టం వీధిలో పందెం కాయడాన్ని నేరం చేసింది. అయినా మైదానంలోకి వెళ్లగలిగిన సంపన్నుడు, బుకీ దగ్గర అరువు ఖాతా ఉన్నవాడు నిశ్చింతగా పందెం కాయగలిగారు. వీధి మూలన రెండు షిల్లింగుల పందెం కాసిన కార్మికుడు పోలీసులకు దొరికిపోయేవాడు. ఈ ద్వంద్వ నీతిపై విమర్శలు పెరిగి, చివరకు 1960 చట్టం ద్వారా లైసెన్సు ఉన్న పందేల దుకాణాలను అనుమతించారు. ఆ వెంటనే 1961లో బుకీల నుంచి నిర్బంధ చందా వసూలు చేసి గుర్రప్పందేల అభివృద్ధికి ఖర్చు చేసే లెవీ బోర్డు ఏర్పడింది. పందెం వ్యాపారం గుర్రం వల్ల బతుకుతున్నది కాబట్టి గుర్రాన్ని పోషించే బాధ్యత దానికీ ఉందన్నది ఈ ఏర్పాటు వెనుక సూత్రం.

ఫ్రాన్స్ మరొక పద్ధతిని ఎంచుకొన్నది. జోసెఫ్ ఓలెర్ అనే వ్యాపారి 1860ల్లో పారిస్‌లో ఒక కొత్త ఏర్పాటు ప్రవేశపెట్టాడు. అందరి పందెం సొమ్మునూ ఒకచోట కూడబెట్టి, నిర్వాహకుని వాటా తీసి, మిగిలినది గెలిచినవారికి పంచడం దాని సారం. 1891లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ పద్ధతికి చట్టబద్ధత ఇచ్చి, వచ్చిన సొమ్ములో కొంత అశ్వ సంతతి అభివృద్ధికి మళ్లించింది. ఈ లెక్కను యంత్రంతో చేసే టోటలైజర్‌ను జార్జ్ జూలియస్ రూపొందించగా, 1913లో న్యూజిలాండ్‌లోని ఎలర్స్‌లీ మైదానంలో మొదటిసారి వాడారు.

9.4 మలక్‌పేట: నిజాం మైదానం నుంచి క్లబ్బు వరకు

తెలుగు నేలపై గుర్రప్పందేల పరిశ్రమ నిలదొక్కుకొన్నది హైదరాబాదులో. 1868లో మౌలాలీలో పందేలు జరిగాయి. 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించాడు. 1911లో ఆయన మరణించిన తరువాత మలక్‌పేటలో ఆ వైభవం నిలవలేదు. ఈ తొలి దశలో పందేలను పోషించినది ముఖ్యంగా పాలకుని అభిరుచి, ఖజానా. పోషకుడు పోతే వ్యవస్థ కూడా కుంటుపడుతుందని ఈ అనుభవం తెలియజేస్తుంది.

రెండవ దశలో పోషకుని స్థానంలోకి చట్టం, క్లబ్బు వచ్చాయి. హైదరాబాదు రాజ్యంలో 1358 ఫస్లీలో, అంటే 1948–49లో, గుర్రప్పందేల, పందెం పన్నుల రెగ్యులేషన్ వచ్చింది. మైదానానికి లైసెన్సు ఉండాలని, అక్కడ కాసే పందేలపై ప్రభుత్వానికి పన్ను కట్టాలని అది ఏర్పాటు చేసింది. రాజ్యం భారతదేశంలో విలీనమైనా, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఈ రెగ్యులేషన్ కొనసాగింది. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. 1968లో మలక్‌పేటలో తిరిగి పందేలు మొదలయ్యాయి. నేడు దేశంలో గుర్రప్పందేలను శాసించే అయిదు టర్ఫ్ అథారిటీలలో హైదరాబాదు ఒకటి. తక్కినవి ముంబయి–పుణె, కోల్‌కతా, బెంగళూరు, చెన్నై క్లబ్బులు.

టర్ఫ్ అథారిటీ చేసే పనులను ఒక్కసారి పరిశీలించండి. గుర్రం వంశావళిని, గుర్తింపు పత్రాన్ని సరిచూస్తుంది. గుర్రాల సత్తాను బట్టి అవి మోయవలసిన బరువును నిర్ణయిస్తుంది. జాకీలకు, శిక్షకులకు లైసెన్సులు ఇస్తుంది. పందెం ముగిశాక గుర్రాల నుంచి నమూనాలు తీసి మత్తుమందుల పరీక్షకు పంపుతుంది. జాకీ కావాలని గుర్రాన్ని వెనక్కి లాగాడన్న అనుమానం వస్తే స్టివార్డులు విచారణ జరిపి శిక్ష వేస్తారు. పల్నాటి కోడిపోరులో లేని మధ్యవర్తి ఇక్కడ జీతం తీసుకొని కూర్చున్నాడన్నమాట. పందెం కాసేవాడు టికెట్టుతో పాటు ఈ నమ్మకాన్ని కూడా కొంటున్నాడు.

9.5 పందెం సొమ్ము ప్రయాణం

లైసెన్సు ఉన్న మైదానంలో పందెం కాయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది బుకీ. అతడు ప్రతి గుర్రానికీ ఒక ధర చెబుతాడు. పందెం కాసినప్పుడు ఒప్పుకొన్న ధరకే గెలుపు సొమ్ము ఇస్తాడు. లాభనష్టాలు అతనివే. రెండవది టోటలైజర్, వాడుకలో టోట్. ఇందులో ముందుగా ధర ఉండదు. కూడిన మొత్తాన్ని బట్టి చివర్లో ధర తేలుతుంది.

టోట్ లెక్కను ఊహించిన ఉదాహరణతో చూద్దాం. ఒక పందెంలో గెలుపు టికెట్ల మీద మొత్తం 1,00,000 రూపాయలు కూడాయి అనుకోండి. పన్ను, కమిషన్ కలిపి 20 శాతం తీశారనుకోండి. మిగిలినది 80,000 రూపాయలు. గెలిచిన గుర్రం మీద 16,000 రూపాయల టికెట్లు అమ్ముడై ఉంటే, రూపాయికి 5 రూపాయల చొప్పున వస్తుంది. 10 రూపాయల టికెట్టుకు 50 రూపాయలు. అదే గుర్రం మీద జనం 40,000 రూపాయలు కాసి ఉంటే 10 రూపాయల టికెట్టుకు వచ్చేది 20 రూపాయలే. ఏ గుర్రం గెలిచినా నిర్వాహకుని వాటా మారదు. అందువల్ల టోట్ నడిపేవారికి ఫలితాన్ని తారుమారు చేయవలసిన అవసరం ఉండదు. ప్రభుత్వాలు ఈ పద్ధతిని ఇష్టపడటానికి ఇదొక ముఖ్య కారణం.

తీసిన ఆ వాటా ఎక్కడికి పోతుంది? పన్ను భాగం ప్రభుత్వానికి చేరుతుంది. క్లబ్బు కమిషన్‌లో ప్రధాన భాగం బహుమతి సొమ్ముగా మారుతుంది. బహుమతి ఆశతోనే యజమాని గుర్రాన్ని కొని, శిక్షకుని వద్ద ఉంచి, నెలనెలా ఖర్చు భరిస్తాడు. ఆ ఖర్చు నుంచి శిక్షకునికి రుసుము, గుర్రాన్ని కనిపెట్టుకొని ఉండే సైసుకు జీతం, నాడాలు కొట్టేవానికి కూలి, పశువైద్యునికి ఫీజు, గడ్డి, దాణా అమ్మేవానికి బేరం వస్తాయి. యజమానులు కొంటారన్న నమ్మకంతోనే అశ్వశాలల వారు మేలుజాతి ఆడగుర్రాలను పోషించి పిల్లలను పుట్టిస్తారు. ఈ గొలుసులో మొదటి కడియం సామాన్యుడు కిటికీ దగ్గర కొన్న టికెట్టు.

ఒక పంటలో రైతు పెట్టుబడి పెట్టి దిగుబడి అమ్ముకొంటాడు. గుర్రప్పందెంలో అమ్ముడయ్యే దిగుబడి అంటూ ఏదీ లేదు. ప్రవేశ రుసుము, సభ్యత్వ రుసుము, ప్రాయోజకుల సొమ్ము ఉన్నా అవి ఖర్చులో చిన్న భాగం. పందెం ఆగితే పరిశ్రమ ఎట్లా ఉంటుందో 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు దేశమంతా చూసింది. మైదానాలు మూతపడ్డాయి, టికెట్ల ఆదాయం నిలిచిపోయింది. కాని గుర్రానికి రోజూ మేత కావాలి, కసరత్తు కావాలి, సైసుకు జీతం కావాలి. ఆదాయం ఆగినా ఖర్చు ఆగని స్థితి అది. పందెం సొమ్ముపై ఈ పరిశ్రమ ఆధారపడిన తీరుకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
టోట్‌కు 50,000 రూపాయలు కూడాయి. 20 శాతం తీశారు. గెలిచిన గుర్రంపై 8,000 రూపాయల టికెట్లు ఉన్నాయి. 10 రూపాయల టికెట్టుకు ఎంత వస్తుంది?

9.6 1974 చట్టం: గీత ఎక్కడ గీశారు?

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో అప్పటిదాకా వేర్వేరుగా ఉన్న జూద చట్టాల స్థానంలో 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. డబ్బు గెలుచుకోవడానికి ఆడే ఆట, మట్కా, పందెం కాయడం – ఇవన్నీ దాని నిర్వచనం ప్రకారం జూదమే. కాని అదే నిర్వచనంలో ఒక మినహాయింపు ఉంది. గుర్రప్పందెం మీద కాసే పందెం కొన్ని షరతులు నెరవేరిస్తే జూదం కాదు. పందెం జరిగే రోజునే కాయాలి. లైసెన్సు పొందిన మైదానంలో అందుకు కేటాయించిన ఆవరణలో గాని, ప్రభుత్వం ఆమోదించిన మరొక చోట గాని కాయాలి. లైసెన్సు ఉన్న బుకీ దగ్గర గాని, టోటలైజర్ ద్వారా గాని కాయాలి.

ఈ షరతులు కాలాన్ని, స్థలాన్ని, మనిషిని నిర్ణయిస్తాయి. ఫలానా రోజు, ఫలానా ఆవరణ, ఫలానా లైసెన్సుదారు. ఈ మూడూ తెలిస్తే పన్ను లెక్క తప్పదు, మోసం జరిగితే ఎవరిని పట్టుకోవాలో తెలుస్తుంది. చట్టం గుర్రాన్ని గౌరవించి మినహాయింపు ఇవ్వలేదు. లెక్కకు దొరికే పందేన్ని వేరుచేసింది.

న్యాయస్థానాలు దీనికి మరొక ఆధారం చేర్చాయి. అదృష్టం మీద ఆధారపడే ఆట వేరు, ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట వేరు అని సుప్రీంకోర్టు 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో స్పష్టం చేసింది. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కె.సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని చెప్పింది. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందేలను రద్దు చేస్తూ చట్టం తెచ్చినప్పుడు వివాదం మరోసారి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 జనవరి 12న కె.ఆర్.లక్ష్మణన్ కేసులో తీర్పు వచ్చింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ ప్రతిభ, మైదానం స్థితి మొదలైనవాటిని బేరీజు వేయవలసి ఉంటుంది కాబట్టి గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన క్రీడ అని, దానిపై కాసే పందెం ఆ చట్టాల అర్థంలో జూదం కాదని కోర్టు నిర్ణయించింది. ఒక రాష్ట్రం పందేలను రద్దు చేయబోతే పరిశ్రమను కాపాడినది ఈ తీర్పే.

9.7 కోడి, ఎద్దు, గుర్రం: పల్నాడు నుంచి ఒక పోలిక

ఇప్పుడు సహజంగా ఒక ప్రశ్న వస్తుంది. కోడి జాతిని, రంగును, నడకను బట్టి గెలుపు అంచనా వేసే పల్నాటి పందెగానికి నైపుణ్యం లేదా? పుంజును నెలల తరబడి మేపి, తర్ఫీదు ఇచ్చే రైతుకు లేదా? నైపుణ్యం ఒక్కటే కొలత అయితే ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం.

చట్టం ఇక్కడ రెండవ కొలత ఉపయోగిస్తుంది. అది హింస. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వినోదం కోసం జంతువులను పోరుకు ఉసిగొల్పడాన్ని నేరంగా ప్రకటించింది. కోడి కాలికి కత్తి కట్టే పందెంలో ఒక ప్రాణి చావే ఆట ముగింపు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అడ్డుకోవాలని ఆదేశించింది. గుర్రప్పందెంలో కూడా కొరడా దెబ్బలు, గాయాలు ఉన్నాయి. జంతు సంక్షేమవాదులు వాటినీ ప్రశ్నిస్తారు. అయినా చట్టం దృష్టిలో పరుగు పోటీ, చంపుకొనే పోరు ఒకటి కావు.

మూడవ కొలత పైన చెప్పిన లెక్క. సంక్రాంతి బరిలో చేతులు మారే సొమ్ముకు టికెట్టు లేదు, రసీదు లేదు, పన్ను లేదు, ఫిర్యాదు చేయడానికి చోటు లేదు. ఓడినవాడు పొలం పత్రాలు తాకట్టు పెట్టినా అడిగేవారు లేరు. అక్కడ మధ్యవర్తి బలవంతుడే.

నరసరావుపేట ప్రాంతంలో జరిగే ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు మరొక నమూనాను చూపుతాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎడ్లను వయసు ప్రకారం విభాగాలు చేస్తారు. నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయో కొలిచి విజేతను ప్రకటిస్తారు. నియమాలు ఉన్నాయి, తీర్పరులు ఉన్నారు, చూసే జనం ఉన్నారు. బహుమతి సొమ్ము మాత్రం దాతల నుంచి వస్తుంది. మేలుజాతి జతను పోషించే రైతు ఖర్చులో ఆ బహుమతి తీర్చగలిగేది కొంతే. తక్కినది అతని మక్కువ, ఊరి పేరు మీద ఉన్న అభిమానం భరిస్తాయి. నిజాం కాలపు మలక్‌పేటలాగా ఇది పోషకుని మీద ఆధారపడిన వ్యవస్థ. పందెం సొమ్ము లేదు కాబట్టి దానితో వచ్చే చెడు కూడా ఇక్కడ తక్కువ. కాని ఏడాది పొడవునా జీతాలిచ్చే పరిశ్రమగా ఇది ఎదగలేదు. లాభం, నష్టం రెండూ ఒకే మూలం నుంచి వస్తున్నాయని గమనించండి.

9.8 పన్ను మారితే పరిశ్రమ మారుతుంది

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 34వ అంశం పందేల, జూదాల నియంత్రణను, 62వ అంశం వాటిపై పన్నును రాష్ట్రాలకు అప్పగించాయి. ఒకే ప్రభుత్వం నియంత్రించేది, ఆదాయమూ పొందేది. 2016లో జరిగిన 101వ రాజ్యాంగ సవరణ 62వ అంశాన్ని కుదించింది. 2017 జులై 1 నుంచి పందెం పన్ను జి.ఎస్.టి.లో కలిసింది. నియంత్రణ రాష్ట్రం చేతిలోనే ఉంది. పన్ను రేటు నిర్ణయం మాత్రం కేంద్ర, రాష్ట్రాలు కలిసిన జి.ఎస్.టి. మండలికి వెళ్లింది.

వివాదం రేటు మీద కంటె ఎక్కువగా దేని మీద పన్ను వేయాలన్న దాని మీద వచ్చింది. 100 రూపాయల టికెట్టులో క్లబ్బు కమిషన్ 10 రూపాయలు అనుకొందాం. కమిషన్ మీద 28 శాతం వేస్తే పన్ను 2 రూపాయల 80 పైసలు. టికెట్టు పూర్తి ముఖవిలువ మీద వేస్తే 28 రూపాయలు. అంటే పదిరెట్లు. క్లబ్బు తనది కాని సొమ్ము మీద పన్ను కట్టవలసి వస్తుందన్న వాదనను 2021లో కర్ణాటక హైకోర్టు బెంగళూరు క్లబ్బు కేసులో అంగీకరించింది. 2023 జులైలో జి.ఎస్.టి. మండలి పూర్తి ముఖవిలువ మీదే 28 శాతం వేయాలని తీర్మానించగా, అందుకు తగిన సవరణలు 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రేటు 40 శాతం అయింది.

ప్రభుత్వ పక్షం వాదం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. పందెం నిత్యావసరం కాదు. అప్పుల పాలైన కుటుంబాల భారం చివరకు సమాజమే మోస్తుంది. అటువంటి వ్యసనాన్ని ఖరీదైనదిగా చేయడం తప్పేమీ కాదు. క్లబ్బుల వాదం కూడా వినదగినదే. పన్ను ఎక్కువైతే గెలిచినవానికి చేతికి వచ్చేది తగ్గుతుంది. అతడు పందెం మానడు. ఫోనులో దొరికే లైసెన్సు లేని బుకీ దగ్గరకు పోతాడు. ఆ బుకీ పన్ను కట్టడు, బహుమతి సొమ్ము ఇవ్వడు, సైసు జీతం అతనికి పట్టదు. గుర్రం పరుగు మైదానంలో, లాభం మరొకచోట. అప్పుడు ఖజానాకు, పరిశ్రమకు, పందెం కాసినవానికి – ముగ్గురికీ నష్టమే.

కాబట్టి నియంత్రకుని ముందున్న సమస్య రెండు అంచుల మధ్య నడవడం. రుసుము మరీ తక్కువైతే పందేన్ని ప్రోత్సహించినట్లు అవుతుంది. మరీ ఎక్కువైతే పందెం అతని కనుచూపు దాటిపోతుంది. కనబడని పందేన్ని ఎవరూ నియంత్రించలేరు. 2014లో రాష్ట్ర విభజన తరువాత మలక్‌పేట మైదానం తెలంగాణలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1974 చట్టం మిగిలింది గాని దాని మినహాయింపుకు ఆధారమైన మైదానం లేదు. పల్నాటి యువకునికి నేడు చట్టబద్ధమైన పందెం దూరంగా ఉంది. చట్టం ఒప్పనిది మాత్రం చేతిలోని ఫోనులోనే ఉంది.

9.9 సారాంశం

పల్నాటి గాథలో పందెం రాజ్యాన్ని పణంగా పెట్టింది. మాట నిలబెట్టించే మధ్యవర్తి లేక అది కారెంపూడి రణరంగానికి చేరింది. వలస పాలన వీధి జూదాన్ని శిక్షించి, గుర్రప్పందేన్ని ఆవరణలోకి తెచ్చి అనుమతించింది. హైదరాబాదులో పాలకుని పోషణతో మొదలైన పందేలు 1358 ఫస్లీ రెగ్యులేషన్, 1961 నాటి క్లబ్బు, 1974 చట్టం ద్వారా లైసెన్సు గల పరిశ్రమగా మారాయి. టోట్ సొమ్ములో తీసే వాటా ఒకవైపు ఖజానాను, మరొకవైపు యజమాని నుంచి సైసు వరకు ఉన్న గొలుసును పోషిస్తుంది. నైపుణ్యం, హింస, లెక్క అనే మూడు కొలతలతో చట్టం గుర్రాన్ని, కోడిని వేరుచేసింది. పన్ను ఆధారం మారినప్పుడు ఈ పరిశ్రమ ఎంత సున్నితమైనదో బయటపడింది.

పందెం మంచిదా, చెడ్డదా అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. దానికి మీ సమాధానం మీదే. చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసినది ఇంకొకటి ఉంది: ఈ పందేనికి పూచీపడినవారు ఎవరు? ఓడినవానికి హద్దు గీసినవారు ఎవరు? వచ్చిన సొమ్ము ఎవరి ఇంటి పొయ్యి వెలిగించింది? కారెంపూడికైనా, మలక్‌పేటకైనా ఈ ప్రశ్నలు వర్తిస్తాయి.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పందెం ఆదాయం గుర్రప్పందేల పరిశ్రమను పోషించే విధానాన్ని హైదరాబాదు ఉదాహరణతో వివరించండి.
2. 1974 గేమింగ్ చట్టంలోని మినహాయింపును, 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పును కలిపి చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బుకీకి, టోటలైజర్‌కు గల తేడాలు ఏవి?
2. కమిషన్ మీద పన్నుకు, ముఖవిలువ మీద పన్నుకు గల తేడాను లెక్కతో చూపండి.
3. మీ ఊరిలో లేదా సమీపంలో జరిగే ఎడ్ల పోటీని పరిశీలించి, అందులో ఖర్చు ఎవరు భరిస్తున్నారో, తీర్పు ఎవరు చెబుతున్నారో రాయండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2 జవాబు: 50,000లో 20 శాతం పోగా 40,000 రూపాయలు. దానిని 8,000తో భాగిస్తే రూపాయికి 5 రూపాయలు. 10 రూపాయల టికెట్టుకు 50 రూపాయలు.